జీతం చీటీలో కనిపించని సగం లెక్క: కెనడాలో ఇంటి ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మూడేళ్ల క్రితం కుటుంబంతో అంటారియో రాష్ట్రంలోని బ్రాంప్టన్ వచ్చారు. ఏడాదికి 75,000 డాలర్ల జీతం. మీ శ్రీమతి ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు. పిల్లల్లో ఒకరికి నాలుగేళ్లు, మరొకరికి ఎనిమిదేళ్లు. "జీతంలో సగం పన్నులకే పోతుంది, ఆ డబ్బుతో మిగతావాళ్లు కూర్చుని తింటారు" అని తోటి ఉద్యోగులు అంటున్నారు. రాజమండ్రిలో ఉన్న మీ నాన్నగారేమో "అక్కడ పిల్లలకు సర్కారే నెలనెలా డబ్బు వేస్తుందట కదా" అంటున్నారు. ఈ రెండు మాటల్లో ఏది నిజం, అసలు ఈ దేశంలో ఇళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎంత తిరిగి పోతుంది అన్నది మీ ప్రశ్న. అంటారియోలో ఇరవై ఏళ్లకు పైగా మనవాళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు వేస్తున్నవాడిగా నేను చెప్పగలిగింది ఏమిటంటే, మీ నాన్నగారి మాట మీ తోటి ఉద్యోగుల మాటకంటే నిజానికి చాలా దగ్గరగా ఉంది. ఎందుకో మీ జీతంతోనే లెక్క వేసి చూపిస్తాను. ప్రత్యేకంగా చెప్పనిచోట అంకెలన్నీ 2024 సంవత్సరానివి, డాలర్లన్నీ కెనడా డాలర్లు.

రెండు వారాలకొకసారి వచ్చే మీ జీతం చీటీలో స్థూల జీతం 2,884 డాలర్ల 62 సెంట్లు ఉంటుంది. దాని కింద మూడు రకాల కోతలు కనిపిస్తాయి. మొదటిది కెనడా పెన్షన్ ప్లాన్, అంటే సీపీపీ. ఏడాదిలో తొలి 3,500 డాలర్లను వదిలేసి, 68,500 వరకు ఉన్న జీతంపై 5.95 శాతం, ఆపైన 73,200 వరకు ఉన్న భాగంపై 4 శాతం తీసుకుంటారు. మీ జీతం ఆ రెండు పరిమితులనూ దాటింది కనుక ఏడాదికి మీ వాటా 4,055 డాలర్లు, మీ యజమాని కూడా సరిగ్గా అంతే కడతాడు. రెండోది ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్, అంటే ఉద్యోగం పోయినప్పుడు ఆదుకునే బీమా. 63,200 వరకు జీతంపై 1.66 శాతం చొప్పున మీ వాటా 1,049 డాలర్లు కాగా, యజమాని దానికి 1.4 రెట్లు కడతాడు. ఈ రెండింటికీ గరిష్ఠ పరిమితి ఉండటం వల్లనే నవంబరు వచ్చేసరికి మీ చేతికొచ్చే మొత్తం ఉన్నట్టుండి కాస్త పెరుగుతుంది. జీతం పెరిగిందనుకుని సంబరపడి, జనవరిలో మళ్లీ తగ్గేసరికి కంపెనీవాళ్లను నిలదీసినవాళ్లు నాకు తెలుసు. మూడోది ఆదాయపు పన్ను. చీటీలో ఒకే వరుసలో కనిపించినా అందులో కేంద్రానిది ఒక భాగం, అంటారియోది ఒక భాగం. క్విబెక్ తప్ప మిగిలిన రాష్ట్రాల పన్నునంతా కెనడా రెవెన్యూ ఏజెన్సీయే కలిపి వసూలు చేస్తుంది. క్విబెక్‌లో ఉన్నవాళ్లు మాత్రం రెండు రిటర్నులు వేసుకోవాలి.

ఇప్పుడు "సగం" సంగతి చూద్దాం. కేంద్రం తొలి 55,867 డాలర్లపై 15 శాతం, ఆపైన 111,733 వరకు 20.5 శాతం పన్ను వేస్తుంది. 2025 జూలై నుంచి ఆ 15 శాతం 14కు తగ్గింది. అంటారియో తొలి 51,446 డాలర్లపై 5.05 శాతం, ఆ పై శ్రేణిలో 9.15 శాతం వేస్తుంది. ఇలా లెక్కకట్టిన పన్నులోంచి ప్రతి మనిషికీ ఉండే కనీస మినహాయింపు, ఆదాయం లేని భార్య లేదా భర్త ఉన్నందుకు ఇచ్చే మినహాయింపు, సీపీపీ, బీమా చందాలకు ఇచ్చే రాయితీ తీసేస్తారు. చివరకు మీకు మిగిలే పన్ను కేంద్రానికి సుమారు 6,560, అంటారియోకు ఆరోగ్య ప్రీమియం 750తో కలిపి సుమారు 4,050, వెరసి 10,600 డాలర్ల పైచిలుకు. చందాలు రెండూ కలిపితే మొత్తం కోత 15,700 డాలర్లు, అంటే జీతంలో అయిదో వంతుకు కొంచెం ఎక్కువ. ఇదే జీతం ఉన్న ఒంటరి మనిషికి భార్య పేరు మీద వచ్చే మినహాయింపు ఉండదు కాబట్టి అతనికి పోయేది 18,600 డాలర్ల దాకా ఉంటుంది. అదైనా నాలుగో వంతే. సగం పన్ను అన్న మాట అంటారియోలో 246,752 డాలర్లు దాటిన ఆదాయానికి, అదీ దాటిన భాగానికి మాత్రమే వర్తిస్తుంది. ఆ పై మెట్టు మీద కేంద్రానిదీ రాష్ట్రానిదీ కలిపి రేటు 53.53 శాతం. మీ తోటి ఉద్యోగులు పై మెట్టు రేటును మొత్తం జీతానికి అంటగట్టి మాట్లాడుతున్నారు. ఈ పొరపాటు హైదరాబాదులోనూ రోజూ వింటూనే ఉంటాం.

ఇక జీతం చీటీలో ఎప్పటికీ కనిపించని రెండో సగానికి వద్దాం. ప్రతి నెలా ఇరవయ్యో తేదీ ప్రాంతంలో మీ శ్రీమతి ఖాతాలో పడే కెనడా చైల్డ్ బెనిఫిట్ అది. 2024 జూలై నుంచి 2025 జూన్ వరకు ఆరేళ్ల లోపు బిడ్డకు ఏడాదికి గరిష్ఠంగా 7,787, ఆరు నుంచి పదిహేడేళ్ల మధ్య బిడ్డకు 6,570 డాలర్లు. కుటుంబ నికర ఆదాయం 36,502 దాటిన దగ్గర నుంచి ఇది తగ్గుతూ వస్తుంది. ఇద్దరు పిల్లలున్న ఇంటికి 79,087 వరకు డాలరుకు 13.5 సెంట్లు, ఆపైన 5.7 సెంట్లు చొప్పున కోత పడుతుంది. 2023లోనూ మీ ఆదాయం ఇంచుమించు ఇంతే అనుకుంటే మీకు వచ్చేది ఏడాదికి సుమారు 9,270 డాలర్లు, నెలకు 770 పైన. దీని మీద పన్ను లేదు. అంటే మీ దగ్గర తీసుకున్న 10,600 డాలర్ల ఆదాయపు పన్నులో 9,270 మీ ఇంటికే తిరిగి వస్తోంది. సీపీపీ, బీమా చందాలను పక్కన పెడితే ప్రభుత్వానికి మీరు నికరంగా ఇస్తున్నది నెలకు 110 డాలర్ల పైచిలుకు మాత్రమే. ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించినప్పుడు నమ్మలేక కాలిక్యులేటర్ లాక్కుని మళ్లీ కొట్టి చూసుకున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నారు.

ఇంధనాలపై వసూలు చేసిన కార్బన్ పన్నుకు బదులుగా ఇచ్చే రాయితీ కూడా అప్పట్లో దీనికి తోడయ్యేది. 2024 ఏప్రిల్ నుంచి అంటారియోలో నలుగురున్న కుటుంబానికి మూడు నెలలకొకసారి 280 డాలర్లు వచ్చాయి. వినియోగదారులపై ఆ పన్నును 2025 ఏప్రిల్ 1న ఎత్తేశారు కనుక ఆ నెలతో రాయితీ కూడా ఆగిపోయింది. అమ్మకపు పన్నుకు బదులుగా ఇచ్చే జీఎస్‌టీ క్రెడిట్ అన్న మరో చెల్లింపు ఉంది గానీ, మీ ఆదాయానికి అది రాదు.

ఇక్కడ ఓవర్‌టైమ్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అసలు మెలిక ఇక్కడే ఉంది. మీరు అదనంగా 1,000 డాలర్లు సంపాదించారనుకోండి. దాని మీద కేంద్రానికి 20.5 శాతం, అంటారియోకు 9.15 శాతం కలిపి 296 డాలర్లు పన్నుగా పోతాయి. అది చీటీలోనే కనిపిస్తుంది. కానీ వచ్చే ఏడాది జూలై నుంచి చైల్డ్ బెనిఫిట్‌లో ఇంకో 135 డాలర్లు తగ్గుతాయి. దాన్ని పన్ను అని ఎవరూ అనరు, ఏ చీటీలోనూ రాయరు, అయినా మీ ఇంటికి రావలసిన డబ్బు తగ్గిన మాట నిజం. రెండూ కలిపితే ఆ వెయ్యిలో మీకు మిగిలేది 570 డాలర్ల లోపే. "సగం పోతుంది" అన్న మాటలో నిజం ఏదైనా ఉంటే ఇదిగో ఇక్కడ ఉంది, అది కూడా ఎక్కువ సంపాదించే వాళ్లకంటే పిల్లలున్న మధ్యతరగతి ఇళ్లకే ఎక్కువగా తగులుతుంది. ఇదే సూత్రం తిరగేస్తే మీకు మేలు చేస్తుంది. రిజిస్టర్డ్ రిటైర్మెంట్ సేవింగ్స్ ప్లాన్‌లో, అంటే ఆర్‌ఆర్‌ఎస్‌పీ అనే పదవీ విరమణ పొదుపు ఖాతాలో, అదే వెయ్యి డాలర్లు వేస్తే 296 డాలర్ల పన్ను తగ్గడమే కాకుండా 135 డాలర్ల చైల్డ్ బెనిఫిట్ కూడా పెరుగుతుంది. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్న ఏళ్లలో ఆర్‌ఆర్‌ఎస్‌పీని వదిలిపెట్టవద్దని నేను అందరికీ చెప్పేది అందుకే.

మీరు గమనించవలసిన మరో సంగతి, పన్ను వేసేటప్పుడు ప్రభుత్వం మనిషిని చూస్తుంది, సాయం ఇచ్చేటప్పుడు కుటుంబాన్ని చూస్తుంది. అమెరికాలో లాగా భార్యాభర్తలు కలిపి ఒకే రిటర్ను వేసే పద్ధతి ఇక్కడ లేదు. అందువల్ల ఒకరే 75,000 సంపాదించే ఇంటికంటే ఇద్దరూ చెరో 37,500 సంపాదించే ఇల్లు తక్కువ పన్ను కడుతుంది, చైల్డ్ బెనిఫిట్ మాత్రం ఇద్దరి ఆదాయాన్నీ కలిపి చూస్తుంది కాబట్టి రెండు ఇళ్లకూ దాదాపు సమానంగానే వస్తుంది. 1962లో ప్రభుత్వం నియమించిన కార్టర్ కమిషన్ 1966లో ఇచ్చిన నివేదికలో కుటుంబాన్నే పన్ను యూనిట్‌గా తీసుకోవాలని సిఫారసు చేసినా, అప్పటి ప్రభుత్వం ఆ భాగాన్ని పక్కన పెట్టేసింది. మీ శ్రీమతి ఉద్యోగంలో చేరాలా వద్దా అన్న ఆలోచన వచ్చినప్పుడు ఈ రెండు కొలతలనూ కలిపి లెక్క వేసుకోండి. ఆమె పన్ను అడుగు మెట్టు నుంచి మొదలవుతుంది, అది మంచి విషయం. కానీ ఆమె సంపాదించే మొదటి డాలరు నుంచే మీకు భార్య పేరు మీద వచ్చే మినహాయింపూ, ఇంటికి వచ్చే బెనిఫిట్టూ తరుగుతాయి.

ఇప్పుడు మీ ఇంటి గుమ్మం దాటి దేశం మొత్తం వైపు చూద్దాం. స్టాటిస్టిక్స్ కెనడా అనే గణాంక సంస్థ ఇంటి ఆదాయాన్ని రెండు పెద్ద భాగాలుగా చూస్తుంది. మొదటిది మార్కెట్ ఆదాయం, అంటే జీతాలు, స్వయం ఉపాధి, వడ్డీలు, డివిడెండ్లు, అద్దెలు, కంపెనీ పింఛన్లు. రెండోది ప్రభుత్వ బదిలీలు, అంటే వృద్ధాప్య భద్రతా పింఛను, సీపీపీ పింఛను, నిరుద్యోగ బీమా, చైల్డ్ బెనిఫిట్, జీఎస్‌టీ క్రెడిట్, రాష్ట్రాలు ఇచ్చే సామాజిక సాయం వంటివి. ఈ రెండూ కలిస్తే మొత్తం ఆదాయం, అందులోంచి ఆదాయపు పన్ను తీసేస్తే పన్ను తర్వాతి ఆదాయం. దేశంలోని ఇళ్లన్నిటి ఆదాయాన్నీ ఒకే కుప్ప పోస్తే, ప్రతి వంద డాలర్లలో 70 నుంచి 75 వరకు పనిచేసి సంపాదించినవే ఉంటాయి. సాధారణ సంవత్సరాల్లో ప్రభుత్వ బదిలీలు 12కు అటూ ఇటూ ఉంటాయి, మిగిలినది పెట్టుబడులూ ప్రైవేటు పింఛన్లూ. "కూర్చుని తింటారు" అన్న మాటకు ఈ అంకెల్లో చోటు దొరకడం కష్టం.

పైగా ఆ పన్నెండులో పెద్ద వాటా ఎవరికి వెళుతుందో చూస్తే ఆ మాట ఇంకా పలచబడుతుంది. పెద్ద వాటా అరవై అయిదేళ్లు దాటినవాళ్లది. వృద్ధాప్య భద్రతా పింఛను 1952లో డెబ్బై ఏళ్లు నిండినవారితో మొదలై, 1970 నాటికి అరవై అయిదుకు దిగింది. దానికి ఉద్యోగం చేసి ఉండటంతో సంబంధం లేదు, దేశంలో ఎన్నేళ్లు నివసించారన్నదే లెక్క. 2024 చివరి మూడు నెలల్లో 65–74 ఏళ్లవారికి పూర్తి పింఛను నెలకు 727 డాలర్ల 67 సెంట్లు. వేరే ఆదాయం పెద్దగా లేనివారికి 1967లో మొదలైన గ్యారంటీడ్ ఇన్‌కమ్ సప్లిమెంట్ అదనంగా అందుతుంది. పింఛను మీద పన్ను ఉంటుంది, సప్లిమెంట్ మీద ఉండదు. బాగా కలిగినవాళ్ల దగ్గర పింఛనును వెనక్కు లాక్కుంటారు కూడా. 2024లో ఆదాయం 90,997 దాటితే దాటిన ప్రతి డాలరుకూ 15 సెంట్ల చొప్పున.

సీపీపీని గణాంకాల్లో ప్రభుత్వ బదిలీగా లెక్కకట్టడం నాకెప్పుడూ అంతగా రుచించదు. 1966 నుంచి ఉద్యోగులూ యజమానులూ తమ జేబుల్లోంచి కట్టిన చందాలతో, ఆ నిధి పెట్టుబడులతో నడిచే పథకం అది. సాధారణ పన్నుల డబ్బు అందులోకి వెళ్లదు. ముప్పై అయిదేళ్లు చందా కట్టిన మనిషి రిటైరై పింఛను తీసుకుంటే అతను "ప్రభుత్వ సాయం పొందుతున్నవాళ్ల" వరుసలో చేరిపోతాడు. మీ నాన్నగారికి చెప్పేటప్పుడు మన పీఎఫ్‌తో పోల్చి చెప్పండి, అయితే తేడా కూడా చెప్పండి. పీఎఫ్‌లో మీ పేరిట నిల్వ కనిపిస్తుంది, కూతురి పెళ్లికో ఇంటికో కొంత తీసుకోవచ్చు. సీపీపీలో నిల్వ అన్న మాటే లేదు, చందా రికార్డును బట్టి బతికినన్నాళ్లూ వచ్చే పింఛను ఒక్కటే.

నిరుద్యోగ బీమా కథ ఇంకొంచెం విచిత్రమైనది. 1930లలో మాంద్యం కాలంలో కేంద్రం చేసిన మొదటి చట్టాన్ని, అది రాష్ట్రాల పరిధిలోని విషయమని చెప్పి 1937లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, అంటే అప్పట్లో కెనడాకు చివరి అప్పీలు కోర్టు, కొట్టేసింది. రాజ్యాంగాన్ని సవరించి 1940లో గానీ దాన్ని తేలేకపోయారు. 2024 లెక్కన మీ ఉద్యోగం పోతే, బీమా పరిధిలోకి వచ్చే సగటు జీతంలో 55 శాతం, వారానికి గరిష్ఠంగా 668 డాలర్లు అందుతాయి. ఎన్ని వారాలు, ఎన్ని గంటలు పనిచేసి ఉండాలి అన్నది మీరుండే ప్రాంతంలోని నిరుద్యోగ రేటును బట్టి మారుతుంది. న్యూఫౌండ్‌లాండ్, న్యూ బ్రన్స్‌విక్ వంటి అట్లాంటిక్ తీరపు రాష్ట్రాల్లో ఇంటి ఆదాయంలో బదిలీల వాటా ఎక్కువగా ఉండటానికి ముసలివాళ్లు ఎక్కువ కావడంతో పాటు, చేపల వేట వంటి కాలానుగుణమైన పనుల మధ్య ఈ బీమా మీద ఆధారపడటమూ ఒక కారణం. చమురు జీతాలు, వయసులో ఉన్న జనాభా ఉన్న అల్బర్టాలో ఆ వాటా తక్కువ.

ఈ వ్యవస్థలో నిజంగా అన్యాయం జరిగేది ఎవరికి అని నన్ను అడిగితే, పిల్లలు లేని, పనిచేసే వయసులో ఉన్న ఒంటరి మనిషికి అంటాను. ముసలివాళ్లకు పింఛను ఉంది, పిల్లలున్న ఇంటికి చైల్డ్ బెనిఫిట్ ఉంది. ఉద్యోగం పోయి, బీమా వారాలు కూడా అయిపోయి, అంటారియో వర్క్స్ అనే రాష్ట్ర సామాజిక సాయ పథకం గుమ్మం ఎక్కిన ఒంటరి మనిషికి తిండికీ అద్దెకూ కలిపి గరిష్ఠంగా వచ్చేది నెలకు 733 డాలర్లు. 2018 నుంచి అది ఒక్క డాలరు కూడా పెరగలేదు. టొరంటో చుట్టుపక్కల ఆ డబ్బుకు బేస్‌మెంట్‌లో పంచుకునే గది దొరికినా గొప్పే. "కూర్చుని తినే" మనిషి ఎవరో మీ తోటి ఉద్యోగులు వేలెత్తి చూపించాలంటే ఇతన్నే చూపించాలి, ఇతను తినేది ఇంత.

2021 జనగణన అంకెలు చూసేటప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అందులోని ఆదాయాలన్నీ 2020 నాటివి. ఆ సంవత్సరం ఇళ్లను ఆదాయం ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్య ఇంటి మొత్తం ఆదాయం 84,000, పన్ను తర్వాతి ఆదాయం 73,000 డాలర్లు. ధరల పెరుగుదల తీసేసి చూసినా 2015తో పోలిస్తే ఆ రెండో అంకె దాదాపు పది శాతం ఎక్కువ. చూడటానికి బాగుంది గానీ అది కోవిడ్ సంవత్సరం. పనులు ఆగిపోయినవాళ్లకు నాలుగు వారాలకు 2,000 డాలర్ల చొప్పున సెర్బ్ అన్న అత్యవసర సాయం ఇచ్చారు. వయోజనుల్లో మూడింట రెండు వంతుల మందికి ఏదో ఒక కోవిడ్ సాయం అందింది. అధికారిక లెక్కల్లో పేదరికం 2015లో 14.5 శాతం, 2019లో 10.3 శాతం ఉండగా, దేశమంతా మూతపడిన 2020లో 6.4 శాతానికి పడిపోయింది. సాయం ఆగిపోయి, ధరలు పెరిగాక 2022లో మళ్లీ 9.9 శాతానికి చేరింది. బదిలీలు ఇంటి ఆదాయాన్ని ఎంత మార్చగలవో ఇంత తేటగా చూపించిన సంవత్సరం నా అనుభవంలో మరొకటి లేదు. సెర్బ్ ఇచ్చేటప్పుడు పన్ను పట్టుకోలేదు. మరుసటి వసంతంలో నా దగ్గర కూర్చున్న కుర్రవాళ్లలో చాలామందికి ఆ డబ్బు పన్ను కట్టవలసిన ఆదాయమని అప్పుడే తెలిసింది. ఖర్చయిపోయిన డబ్బు మీద వెయ్యో రెండు వేలో కట్టాలని చెప్పడం ఎవరికీ సరదా పని కాదు.

ఆ "పన్ను తర్వాతి ఆదాయం" మీ చేతికొచ్చే డబ్బు కాదన్నదీ గుర్తుంచుకోండి. గణాంక సంస్థ అందులోంచి ఆదాయపు పన్నును మాత్రమే తీసేస్తుంది, సీపీపీ, బీమా చందాలను తీయదు. ఆ లెక్కన మీ ఇంటి పన్ను తర్వాతి ఆదాయం 73,600 డాలర్ల దాకా వస్తుంది, నిజంగా మీ ఖాతాల్లో పడేది 68,500 మాత్రమే. అంటే మీ ఇల్లు దేశం నడిమధ్య గీత దగ్గరే ఉంది. దుకాణంలో కట్టే హెచ్‌ఎస్‌టీ అనే 13 శాతం అమ్మకపు పన్ను కూడా ఈ లెక్కల్లోకి రాదు. మరోవైపు, ఆస్పత్రిలో బిల్లు లేకుండా అందే వైద్యమూ ఆదాయంగా లెక్కలోకి రాదు. ఇల్లు అమ్మితే వచ్చే లాభం, షేర్ల మీద లాభం, ఆర్‌ఆర్‌ఎస్‌పీలోంచి తీసుకున్న డబ్బు కూడా జనగణన ఆదాయంలో ఉండవు. షేర్ల లాభంలో సగం పన్నుకు వస్తుంది, నివాసముండే సొంత ఇంటి లాభం మీద పన్నే లేదు. గత ముప్పై ఏళ్లలో టొరంటో ప్రాంతంలో అసలైన సంపద జీతాలతో పాటు ఇళ్ల ధరల్లో పెరిగింది, ఆదాయ పట్టికలు దాన్ని చూపించవు.

మొదట్లో చెప్పిన మాట దగ్గరకు మళ్లీ వస్తాను. మన ఊళ్లో ఆదాయపు పన్ను ఆఫీసు తీసుకునే చోటు మాత్రమే. పింఛనుకో పథకానికో గ్రామ సచివాలయానికి వెళతాం. ఇక్కడ పన్ను తీసుకునేదీ, పిల్లల డబ్బు ఇచ్చేదీ ఒకే ఆఫీసు, రెండింటికీ ఆధారం ఏప్రిల్ 30లోగా వేసే ఒకే రిటర్ను. 1917లో మొదటి ప్రపంచ యుద్ధ ఖర్చు కోసం ఆర్థికమంత్రి థామస్ వైట్ తెచ్చిన ఆదాయపు పన్ను అప్పట్లో వసూలుకే పరిమితం. 1945 జూలైలో మొదలైన ఫ్యామిలీ అలవెన్సు చెక్కులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి తల్లికీ వెళ్లేవి. ఈ రెండు దారులూ 1990లలో ఒకటిగా కలిశాయి, 2016 జూలైలో వచ్చిన చైల్డ్ బెనిఫిట్ ఆ దారిలోనిదే. ఈనాటికీ ఇంట్లో తల్లి ఉంటే ఆ డబ్బు ఆమె పేరిటే వస్తుంది.

కాబట్టి మీ శ్రీమతికి ఒక్క డాలరు ఆదాయం లేకపోయినా ఆమె రిటర్ను కూడా ప్రతి ఏడాదీ వేయండి. నేను వచ్చిన కొత్తలో, మా ఆవిడకు ఆదాయం లేదు కదా అని నాది ఒక్కటే వేసి ఊరుకున్నాను. జూలైలో పిల్లల డబ్బు ఆగిపోయింది. రెండు ఉత్తరాలు వచ్చినా అర్థం కాక పక్కన పెట్టేశాను. చివరకు ఆమె సున్నా రిటర్ను పంపాక బకాయితో సహా అంతా ఇచ్చారు, కానీ ఆ నాలుగు నెలల అద్దె కట్టడానికి తెలిసినవాళ్ల దగ్గర చేబదులు తీసుకోవలసి వచ్చింది. తప్పు పూర్తిగా నాదే.

రాజమండ్రిలో మీ పేరిట ఉన్న ఇంటికి అద్దె వస్తోందని మీరు రాశారు. అక్కడ పన్ను కట్టినా సరే, ఆ అద్దెను ఇక్కడి రిటర్నులో చూపించాలి. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ రాయితీ దొరుకుతుంది. కానీ ఆ అద్దె మీ కుటుంబ నికర ఆదాయంలో కలుస్తుంది కనుక చైల్డ్ బెనిఫిట్ కొంత తగ్గుతుంది. అద్దెకిచ్చిన ఆ ఇల్లూ, విదేశాల్లోని ఇతర పెట్టుబడులూ కలిపి వాటి కొనుగోలు ఖర్చు 100,000 డాలర్లు దాటితే టీ1135 అనే పత్రం కూడా వేయాలి. మరిచిపోతే రోజుకు 25 డాలర్ల చొప్పున 2,500 దాకా జరిమానా పడుతుంది. నాన్నగారికి పంపే డబ్బుకు మాత్రం ఇక్కడ ఏ మినహాయింపూ లేదు.

చివరగా, ఆయన ఇక్కడికి వస్తే పింఛను వస్తుందా అన్న ప్రశ్న. సందర్శకుడిగా వచ్చి వెళ్లే నెలలు నివాసంగా లెక్కలోకి రావు. శాశ్వత నివాసిగా వస్తే, పద్దెనిమిదేళ్ల వయసు తర్వాత కనీసం పదేళ్లు ఇక్కడ నివసించి ఉండాలి. పూర్తి పింఛనుకు నలభై ఏళ్లు కావాలి. పదేళ్లకు దక్కేది నాలుగో వంతు, అంటే 2024 చివరి లెక్కన నెలకు 182 డాలర్లు. ఇతర ఆదాయం తక్కువైతే సప్లిమెంట్ దానికి తోడవుతుంది. భారత్‌లోని ఉద్యోగ పింఛను పథకాల్లో గడిచిన కాలాన్ని అర్హత కోసం కలుపుకోవడానికి వీలిచ్చే ఒప్పందం రెండు దేశాల మధ్య 2015 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. అయితే అది తలుపు తెరుస్తుందే తప్ప మొత్తాన్ని పెంచదు, పింఛను ఎంతన్నది కెనడాలో గడిపిన ఏళ్లను బట్టే ఉంటుంది. నాన్నగారు ఏ ఉద్యోగం చేశారో, పీఎఫ్ పింఛను ఖాతా ఉందో లేదో రాస్తే ఆ ఒప్పందం ఆయనకు వర్తిస్తుందో లేదో చూసి చెబుతాను.